పరుగు ప్రశ్నలు: హాఫ్ మారథాన్ మిస్సయింది, మరి ఈ ఏడాది అంతా పోయినట్టేనా?

ప్రశ్న: మేడమ్ నమస్తే. నాకు 39 ఏళ్లండి, వైజాగ్‌లో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ఇద్దరు పిల్లలు. 2025 జనవరిలో రన్నింగ్ మొదలుపెట్టాను, అప్పటికి ఈ కరెంటు స్తంభం నుంచి ఆ స్తంభం దాకా వెళ్తే చాలు ఊపిరి అందేది కాదు. మా బీచ్ రోడ్డులో తెల్లారగట్ల బళ్లు ఆపేస్తారు కదా, ఆ టైమ్‌లో సబ్‌మెరీన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టి రోజుకి కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్లాను. మేలో మాత్రం బాగా నీరసపడ్డాను, ఒకటే ఆయాసం, ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర. మళ్లీ తేరుకుని ఆగస్టుకల్లా 10 కిలోమీటర్లు గంటా 14 నిమిషాల్లో పూర్తి చేశానండి, ఆ ఊపులో డిసెంబర్‌లో జరిగే నేవీ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21 కిలోమీటర్లకి, పేరిచ్చేశాను. సెప్టెంబర్‌లో గట్టిగా ప్రాక్టీస్ చేశాను. అక్టోబర్‌లో ఎడమ మడమ పట్టేసింది, పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే మేకు దిగినట్టు ఉండేది, నాలుగడుగులు వేశాక తగ్గేది. నెలాఖరున మొంథా తుఫాను వచ్చింది, ఎటూ బయటికి వెళ్లలేదు, నవంబర్ మొత్తం మీద 6 కిలోమీటర్లు. రేస్ రోజు నేనూ బీచ్ రోడ్డుకి వెళ్లాను కానీ మా ఫ్రెండ్స్‌కి నీళ్లు అందించడానికి. నా బిబ్, అదే రేస్ రోజు బట్టల మీద పెట్టుకునే నంబర్, బీరువాలో చీరల కింద ఉంది. మా అత్తగారు "పోనీలేమ్మా, ఇంక ఆ పరుగులు మానెయ్" అన్నారు, ప్రేమతోనే అన్నారు, మా వారు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. నెలవారీ లెక్క రాసి పంపిస్తున్నాను. ఈ ఏడాది వేస్ట్ అయినట్టేనా? 2026లో హాఫ్ 2 గంటల 15 నిమిషాల్లో కొట్టాలని ఉంది, కుదురుతుందా? రోజూ 7:15, 7:20 పేస్‌లో, అంటే కిలోమీటర్‌కి 7 నిమిషాల 15, 20 సెకన్ల చొప్పున పరిగెత్తుతాను, అంతకంటే నెమ్మదిగా వెళ్తే పరిగెత్తినట్టే అనిపించదు.
ఎం.ఎస్., విశాఖపట్నం

జవాబు: ఎం.ఎస్. గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ బీరువాలో చీరల కింద బిబ్ దగ్గర ఆగిపోయాను. నా దగ్గరా అలాంటిది ఒకటి ఉందండి, పదేళ్ల కిందటిది, మోకాలు పట్టేసి వెళ్లలేకపోయిన రేస్‌ది, ఇప్పటికీ పారెయ్యలేదు. కాబట్టి మీ బాధ చిన్నదని నేను అనను.

కానీ మీరు పంపిన లెక్క ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ప్రశ్నలకి జవాబు దాదాపు అందులోనే ఉంది. జనవరి 22, ఫిబ్రవరి 38, మార్చి 45, ఏప్రిల్ 40, మే 18, జూన్ 36, జూలై 58, ఆగస్టు 74, సెప్టెంబర్ 118, అక్టోబర్ 61, నవంబర్ 6, డిసెంబర్ 24. కూడితే 540 కిలోమీటర్లు. మీరు కూడలేదు, నెలనెలా రాసి వదిలేశారు, బహుశా నవంబర్ ఒక్కటే కళ్లకి కనిపించి ఉంటుంది. స్తంభం నుంచి స్తంభం దాకా వెళ్లలేని మనిషి ఇద్దరు పిల్లల్ని, కాలేజీని, ఇంటిని చూసుకుంటూ ఒక ఏడాదిలో 540 కిలోమీటర్లు పరిగెత్తింది, దీన్ని వేస్ట్ అని ఎవరన్నా నేను ఒప్పుకోను, మీరన్నా సరే.

ఇప్పుడు ఆగస్టు, సెప్టెంబర్ పక్కపక్కన పెట్టి చూడండి. 74 నుంచి ఒక్కసారిగా 118. అంటే ఒక్క నెలలో దాదాపు 60 శాతం ఎక్కువ. మీ మడమ అక్టోబర్‌లో పాడవలేదండి, సెప్టెంబర్‌లోనే పాడయింది, మీకు తెలిసింది అక్టోబర్‌లో. ఇందులో మీ తప్పేం లేదు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఏడెనిమిది నెలలకి సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు, కారణం కూడా ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోతాయి. మడమ నుంచి కాలి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పొర ఉంటుంది, అది, పిక్కని మడమకి కలిపే తాడులాంటి టెండన్, ఎముకలు, ఇవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆగస్టుకి మీకు ఆయాసం రావడం మానేసింది, దాంతో ఒళ్లంతా రెడీ అయిపోయింది అనుకున్నారు, అరికాలు మాత్రం ఇంకా ఏప్రిల్‌లోనే ఉంది.

మీరు చెప్పిన లక్షణం, పొద్దున మొదటి అడుగుకి పొడిచినట్టు ఉండి నడిస్తే తగ్గడం, ప్లాంటార్ ఫేషియైటిస్‌ది, అంటే ఆ అరికాలి పొర దెబ్బతిని నొప్పి పెట్టడం. ఎక్కువమందికి ఆపరేషన్ గట్రా ఏం లేకుండానే తగ్గుతుంది కానీ టైమ్ తీసుకుంటుంది, ఓపిక పట్టాలి. అయితే రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, వాపు గానీ తిమ్మిరి గానీ ఉంటే, మడమని రెండు పక్కలా నొక్కితే ప్రాణం పోయినట్టు ఉంటే మాత్రం ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, ఎముకలో సన్న చీలిక ఉంటే అది వేరే కథ, దాని మీద పరిగెత్తకూడదు.

ఒక్క విషయం అడుగుతాను, ఇంట్లో వట్టి కాళ్లతో తిరుగుతారా? మన ఇళ్లలో అందరం అంతే కదా, గ్రానైటో టైల్సో, వంటింట్లో పొద్దున గంటన్నర నిలబడ్డం, తర్వాత కాలేజీలో బోర్డు ముందు నిలబడ్డం. రన్నింగ్ షూస్‌కి వేలకి వేలు పెడతాం, అవి కాలికి ఉండేది గంట, మిగతా రోజంతా రాతి నేల మీద వట్టి మడమ. ఇంట్లో వాడుకోవడానికి మెత్తటి చెప్పులు ఒక జత విడిగా పెట్టుకోండి, మంచం పక్కనే ఉంచండి, మొదటి అడుగే అందులో వెయ్యండి. మీ అత్తగారికి ముందే చెప్పి ఇవి బయటికి వేసుకునేవి కాదని చూపించండి, మా ఇంట్లో అమ్మకి నేను అలాగే చెప్పాల్సొచ్చింది.

ఇంకోటి, మెట్టు అంచు మీద వేళ్ల కింద టవల్ చుట్టి పెట్టుకుని మడమ గాల్లో ఉంచి నెమ్మదిగా పైకి లేవడం, మూడు సెకన్లు లేచి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లు దిగడం. పన్నెండు సార్లు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. మొదట రెండు కాళ్ల మీద చెయ్యండి, అలవాటయ్యాక నొప్పి కాలు ఒక్కదాని మీద. చూడ్డానికి ఏమీ లేనట్టు ఉంటుంది గానీ రెండు నెలలు విడవకుండా చేస్తే పిక్కలూ అరికాలూ రెండూ బలపడతాయి. నేను పాలు స్టవ్ మీద పెట్టి పొంగేలోపు ఒక విడత చేసేస్తాను.

మే నెల గురించి. మీ ఊళ్లో మేలో ఉక్కపోత సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, గుండె మామూలుకంటే ఎక్కువ కొట్టుకోవాలి. కానీ ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర అన్నారు చూడండి, అది ఒక్క ఎండ పనేనా అని నాకు అనుమానం. హిమోగ్లోబిన్, దాంతోపాటు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ టెస్ట్ చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది, మనం మాత్రం నీరసం అంటే నిద్ర చాల్లేదనుకుని ఊరుకుంటాం. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ వచ్చినా, ఫెర్రిటిన్ తక్కువ ఉన్నా డాక్టర్‌ని అడిగి మాత్రలు వాడండి, సొంతంగా వద్దు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే ఓ గంటన్నా ఆగండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, అదే తోటకూరపప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది.

ఇక 2 గంటల 15 నిమిషాలు. నాకు నిజం చెప్పడమే ఇష్టం, 2026లో అది వద్దండి. 2:15 అంటే కిలోమీటర్ 6 నిమిషాల 24 సెకన్లు, 21 కిలోమీటర్ల పొడుగునా. మీరు ఒంట్లో ఉన్నదంతా పెట్టి పరిగెత్తిన 10 కిలోమీటర్లే 7:24 పేస్. ఆ టైమ్‌ని బట్టి లెక్కేస్తే, ట్రైనింగ్ సరిగ్గా జరిగితే హాఫ్ 2 గంటల 45 నిమిషాల దరిదాపుల్లో వస్తుంది, అంటే కిలోమీటర్ 7:49. డిసెంబర్‌లో 2:45కి పేరివ్వండి, నవ్వుతూ పూర్తి చేస్తారు, ఆ తర్వాతి ఏడాదికి ఇంకోటి పెట్టుకుందాం.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే పట్టుకున్నది ఆఖరి వాక్యం. రోజూ 7:15, 7:20 అన్నారు. మీ రేస్ పేసే 7:24 కదండీ! అంటే మీరు వారంలో ప్రతి రోజూ రేస్ పరిగెత్తుతున్నారు, పిల్లలకి రోజూ ఫైనల్ ఎగ్జామ్ పెట్టినట్టు. ఈజీ రన్ అంటే మీకు 8:30, ఎండాకాలం అయితే 9 కూడా, పక్కన ఫ్రెండ్‌తో రాత్రి కూర ఏం వండారో పూర్తిగా చెప్పగలిగేంత నెమ్మది. మధ్యలో నడిచినా ఫర్వాలేదు. మొదట్లో విసుగ్గా ఉంటుంది, పక్కనుంచి అందరూ దాటిపోతుంటారు, నాకూ మొదటి రెండేళ్లు అది మింగుడుపడలేదు. నేను తార్నాక వైపు నుంచి ఓయూ క్యాంపస్‌లోకి వెళ్తాను, ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డులో ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యే పిల్లలు గుంపులుగా దూసుకుపోతుంటే వాళ్లతోపాటు కాళ్లు లాగేవి, రెండు వారాలకోసారి ఏదో ఒకటి పట్టేసేది. నెమ్మదిగా వెళ్లడం నేర్చుకున్నాకే ఏడాది పొడుగునా ఆగకుండా పరిగెత్తగలిగాను. 2025 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ చేశాను, మా ఊళ్లో ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ పిక్కలు పిండైపోతాయి, కేబుల్ బ్రిడ్జి దాటాక వచ్చిన ప్రతి ఎత్తులోనూ నడిచాను, అయినా గచ్చిబౌలి స్టేడియంలోకి పరిగెత్తుతూనే వెళ్లాను.

2026కి మీకు ప్లాన్ ఇలా. జనవరి, ఫిబ్రవరి వారానికి మూడు రోజులు, రెండు మూడు కిలోమీటర్లు, అంతే. పరిగెత్తిన మర్నాడు పొద్దున మొదటి అడుగు ముందురోజుకంటే ఎక్కువ నొప్పిగా ఉందంటే ముందురోజు ఎక్కువైందని అర్థం, తగ్గించండి. మార్చి నుంచి నెమ్మదిగా పెంచుతూ మే, జూన్‌లో పెంచకుండా ఉన్నచోటే ఉండండి. జూలై నుంచి వారంలో ఒక రోజు కొంచెం దూరం, ప్రతి నాలుగో వారం తగ్గించి, అక్టోబర్ చివరికి 16, 17 కిలోమీటర్లు చేరితే చాలు. తుఫాను వస్తే ఇంట్లోనే ఉండండి, ఒక వారం పోతే ఏమీ కాదు, ఆ వారాన్ని పూడ్చాలని తర్వాతి వారం రెట్టింపు చెయ్యడమే ప్రమాదం.

మీ వారి విషయం, ఆయన ఏమీ అనకపోవడానికి ఏమనాలో తెలియకపోవడం కూడా కారణం అయ్యుండొచ్చు. ఆ 540 నంబర్ చూపించండి ఒకసారి.

ప్రశ్న: మేడం నమస్తే. మాది కరీంనగర్ దగ్గర ఊరు. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం ఏడాది సంది గ్రౌండ్‌కి పోతున్న, పొద్దుగాల నాలుగున్నరకే లేస్త. 1600 మీటర్లు 7 నిమిషాల 40 సెకన్లు దాటి తగ్గుతలేదు. మొదటి రౌండ్ అందరికంటే నేనే ముందుంట, మూడో రౌండ్‌కి కాళ్లు బిగుసుకపోతయి. ఏడాది అయింది, నోటిఫికేషన్ రాలే, టైమింగ్ రాలే. వచ్చే ఏడాదన్న అయితదా?
ఆర్., కరీంనగర్ జిల్లా

జవాబు: ఆర్. తమ్ముడూ, నువ్వు పొద్దున నాలుగున్నరకి ఏడాది పాటు లేచావంటే ఆ పట్టుదలకి నాకు మాటల్లేవు. పైన మేడమ్‌కి చెప్పిన తొందర జబ్బే నీదీ, కాకపోతే నీది ఒక్క ఏడు నిమిషాల్లో జరిగిపోతోంది. 2022 నోటిఫికేషన్‌లో తెలంగాణలో మగపిల్లలకి 1600 మీటర్లకి ఇచ్చిన టైమ్ 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండ్‌కి నిమిషం 48 సెకన్లకి కాస్త పైన. నీకు ఇప్పుడు సగటున రౌండ్‌కి నిమిషం 55 పడుతోంది, అంటే తగ్గించాల్సింది రౌండ్‌కి ఆరేడు సెకన్లే. మొదటి రౌండ్‌లో నువ్వు అందరికంటే ముందుంటున్నావు అన్నావు, ఆ రౌండ్ ఎంతలో అయిందో ఎప్పుడైనా వాచ్ చూశావా? నిమిషం 25, నిమిషం 30లో కొట్టి ఉంటావని నా అంచనా, అక్కడే అయిపోయింది రేస్, మూడో రౌండ్‌లో కాళ్లు బిగుసుకోవడం దాని బిల్లు.

వారంలో ఒక్క రోజు ఇలా చెయ్యి: 400 మీటర్లు సరిగ్గా నిమిషం 45లో, తక్కువా వద్దు ఎక్కువా వద్దు, తర్వాత రెండు నిమిషాలు నడక, ఇలా ఆరు సార్లు. ఆరోది కూడా నిమిషం 45లోనే రావాలి, మొదటిది నిమిషం 30లో వస్తే ఆ రోజు ప్రాక్టీస్ తప్పినట్టే లెక్క. మిగతా రోజుల్లో ఏవైనా మూడు రోజులు నలభై నిమిషాలు మాట్లాడుకుంటూ పరిగెత్తే స్పీడ్. వారానికి కనీసం ఒక రోజు పూర్తిగా రెస్ట్, ఆ రోజు కూడా లేవాలనిపిస్తే లేచి చదువుకో. ఖాళీ కడుపుతో వెళ్లకు, ఒక అరటిపండన్నా తిని వెళ్లు. 1600 టెస్ట్ మూడు వారాలకోసారి మాత్రమే పెట్టుకో, రోజూ వద్దు.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు. ఆరు వారాలు ఇలా చేసి నాకు మళ్లీ రాయి, మొత్తం టైమ్ ఒక్కటే కాదు, నాలుగు రౌండ్లకీ విడివిడిగా ఎంత పట్టిందో రాసి పంపు.