లైనక్స్ సర్టిఫికేషన్‌కు సిద్ధమవుతున్న అమ్మాయికి

అమ్మలూ,

లైనక్స్ అడ్మిన్ పరీక్ష రాస్తానన్న నీ మెసేజ్ చూశాను. కింద పెట్టిన వీడియోల లిస్టు కూడా చూశాను. అందులో ఒక్క కోర్సు ఉంచుకుని మిగతావి తీసేయ్. అన్నీ చూసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది, మెషీన్ ముందు కూర్చుంటే మాత్రం చేతులాడవు.

ముందు ఏ పరీక్షో తేల్చుకో. లైనక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే ఎల్‌పీఐసీ-1 అయితే 101, 102 అని రెండు పేపర్లు. ఒక్కోదానికి 60 ప్రశ్నలు, 90 నిమిషాలు. చాలావరకు జవాబు ఎంచుకునేవే, కొన్నిచోట్ల కమాండ్ పేరు నువ్వే రాయాలి. సొంత లైనక్స్ తయారుచేసే రెడ్‌హ్యాట్ కంపెనీ వాళ్ల పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏ తీరే వేరు. అందులో ఆప్షన్లు ఉండవు. మెషీన్లు అప్పగించి పనులు చెబుతారు, చేసి చూపించాలి. 300కి 210 వస్తే పాస్. నన్నడిగితే ఆర్‌హెచ్‌సీఎస్ఏకే వెళ్లు. రేపు ఉద్యోగంలో చేసేదీ అదే పని. ఎల్‌పీఐసీ రాసినా ప్రాక్టీస్ మాత్రం ఇలాగే చెయ్యి.

ల్యాబ్ కోసం పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. నీ కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో, రెడ్‌హ్యాట్ లాంటివే అయిన ఆల్మాలైనక్స్ గానీ రాకీ లైనక్స్ గానీ రెండు మెషీన్లు వేసుకో. రెడ్‌హ్యాటే కావాలంటే డెవలపర్ అకౌంట్ తెరిస్తే సొంత వాడకానికి ఉచితంగా ఇస్తారు. డెస్క్‌టాప్ లేకుండా ఇన్‌స్టాల్ చెయ్యి, మౌస్ వైపు చెయ్యి పోదు. ఒక మెషీన్‌కు అదనంగా ఖాళీ డిస్క్ తగిలించు, డిస్క్ పనులన్నీ దాని మీదే. మొదటిరోజే స్నాప్‌షాట్ (మెషీన్ అప్పుడున్న స్థితి కాపీ) తీసి పెట్టుకున్నావంటే, ఎంత పాడుచేసినా నిమిషంలో మొదటికి రావచ్చు. పాడుచెయ్యడానికే కదా ల్యాబ్!

మొదట్లో ఫైళ్లు, యూజర్లు, పర్మిషన్లు, వీఐ ఎడిటర్. వీఐని తిట్టుకుంటూనైనా నేర్చుకో, తప్పదు. పర్మిషన్ల దగ్గర చాలామంది 755, 644 లాంటి అంకెలు (ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పేవి) బట్టీపట్టి ముందుకెళ్లిపోతారు. నువ్వు ఒక చిన్న పని చేసి చూడు. నీ హోమ్ డైరెక్టరీలో రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పేరు మీద ఒక ఫైల్ సృష్టించి, దానికి 600 పెట్టు, అంటే యజమాని మాత్రమే చదవగలడు, రాయగలడు. ఇప్పుడు మామూలు యూజర్‌గా దాన్ని చదవబోతే కుదరదు. తీసేయబోతే, ఒకసారి అడిగి మరీ పోతుంది! ఫైల్‌ను తీసేసే హక్కు ఆ ఫైల్ మీద కాదు, అది ఉన్న డైరెక్టరీ మీద ఉంటుంది. ఇది కళ్లారా చూశాక అందరూ వాడే టెంప్ డైరెక్టరీకి స్టికీ బిట్ (ఒకరి ఫైళ్లను ఇంకొకరు తీసేయకుండా ఆపే గుర్తు) ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఆర్‌హెచ్‌సీఎస్ఏలో నువ్వు చేసిన మార్పు రీబూట్ తర్వాత కూడా నిలబడాలి. లేకపోతే చేసినా చెయ్యనట్టే. సర్వీస్‌ను స్టార్ట్ చేసి, బూట్‌తోపాటే లేచేలా ఎనేబుల్ చెయ్యడం మరిచిపోతారు. ఫైర్‌వాల్ రూల్ పెట్టి పర్మనెంట్ అనే మాట వదిలేస్తారు. డిస్క్ చేత్తో మౌంట్ చేసి (అంటే వాడుకోడానికి తగిలించి), బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో రాయరు. అందుకే ఏ పని నేర్చుకున్నా రీబూట్ చేసి చూశాకే అది వచ్చిందనుకో.

ఎఫ్ఎస్‌ట్యాబ్ దగ్గర మరీ జాగ్రత్త. ల్యాబ్‌లో కావాలనే అందులోని యూయూఐడీలో (డిస్క్ గుర్తింపు కోడ్‌లో) ఒక అక్షరం మార్చి రీబూట్ కొట్టు. మెషీన్ ఆ డిస్క్ కోసం నిమిషంన్నర ఎదురుచూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో పడి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. లోపలికెళ్లి ఆ లైన్ సరిచేసి మళ్లీ బూట్ చెయ్యి. ఇది నాలుగైదుసార్లు చేసినవాళ్లకు పరీక్షలో ఆ నల్ల స్క్రీన్ చూస్తే టెన్షన్ రాదు. అసలు అంతదాకా రాకుండా, ఫైల్ మార్చిన ప్రతిసారీ రీబూట్‌కు ముందే మౌంట్ మైనస్ ఏ (mount -a) కొట్టు, అందులో రాసినవన్నీ మౌంట్ చేసి చూస్తుంది. తప్పుంటే అక్కడే తిడుతుంది.

ఎస్ఈలైనక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏం చెయ్యొచ్చో కట్టడి చేసే లైనక్స్ భద్రతా ఏర్పాటు) అనగానే దాన్ని ఆపెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. వాళ్ల మాట వినకు. వెబ్ సర్వర్‌ను పోర్ట్ 82 మీద నడపమన్నారనుకో. కాన్ఫిగ్ ఫైల్‌లో అంకె మార్చి స్టార్ట్ చేస్తే లేవదు. ఫైల్‌లో తప్పేం ఉండదు, లాగ్ చూస్తే పర్మిషన్ డినైడ్ అని కనిపిస్తుంది. ఆ పోర్ట్ వెబ్ సర్వర్‌కు చెందినదని ఎస్ఈలైనక్స్‌కు సెమేనేజ్ కమాండ్‌తో చెప్పాలి, ఆ తర్వాత ఫైర్‌వాల్‌లో తెరవాలి. మూడు తలుపులు, మూడు తాళాలు. ఈ ఒక్క పని గుక్కతిప్పుకోకుండా చెయ్యగలిగిన రోజు సగం సిలబస్ చేతిలో ఉన్నట్టే.

పరీక్షలో ఇంటర్నెట్ ఉండదు, మెషీన్‌లోనే ఉండే కమాండ్ల వివరాలు, అంటే మ్యాన్ పేజీలు మాత్రం ఉంటాయి. కమాండ్ పేరు గుర్తురాకపోతే మ్యాన్ మైనస్ కే (man -k) తర్వాత ఒక మాట కొట్టి వెతకొచ్చు. చాలా పేజీల్లో చివర ఉదాహరణలు ఉంటాయి, నేరుగా అక్కడికి దూకు. ఇప్పట్నుంచే గూగుల్ కంటే ముందు అక్కడ వెతకడం మొదలుపెట్టు. మొదట విసుగొస్తుంది, భరించు.

డంపులు (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) అమ్ముతామని వచ్చేవాళ్ల జోలికి పోవద్దు. దొరికితే సర్టిఫికెట్ రద్దవుతుంది, దొరక్కపోతే ఇంటర్వ్యూలో నీళ్లు నమలాలి.

ఫీజు కట్టేముందు అధికారిక సిలబస్ పేజీ తెరిచి, పరీక్ష ఏ వెర్షన్ మీద నడుస్తోందో చూసుకుని, ల్యాబ్‌లోనూ అదే వెర్షన్ పెట్టుకో. ఆ పేజీలోని ఒక్కో పాయింట్ పక్కన, ఏమీ చూడకుండా చేసి రీబూట్ చేశాక మాత్రమే టిక్ పెట్టు. టిక్కులన్నీ పడ్డాకే తేదీ తీసుకో. పరీక్షరోజు రూట్ పాస్‌వర్డ్ మార్చమంటే ముందు అదే తేల్చు, లోపలికే వెళ్లలేకపోతే మిగతావి చేసేదెక్కడ? చివరి రీబూట్‌కు ఓ ఇరవై నిమిషాలు మిగిలేలా చూసుకో.

ఎక్కడైనా ఇరుక్కుంటే ఫోన్ చెయ్యి. "పని చెయ్యట్లేదు బాబాయ్" అంటే నాకేం తెలియదు. కొట్టిన కమాండ్, వచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు పంపు.

మీ బాబాయ్