క్లాష్ ఆఫ్ క్లాన్స్ పని అయిపోయిందా? 2014 నుంచి ఆడుతున్నవాడి జవాబు

మీ ప్రశ్న చదివాను. ఫోన్‌లో సొంత ఊరు (విలేజ్, బేస్ అంటాం) కట్టుకుని పక్కవాళ్ల ఊళ్ల మీద దాడి చేసే ఈ గేమ్‌ను టౌన్‌హాల్ 9 (ఊరి ప్రధాన భవనం, దాని నంబరే మన స్థాయి) దగ్గర ఆపేసి, మూడేళ్ల తర్వాత మళ్లీ ఓపెన్ చేశారు. క్లాన్‌లో, అంటే కలిసి ఆడే గుంపులో, 43 మంది పేర్లు ఉన్నాయి గానీ, హాయ్ అని పెడితే పలికింది ఐదుగురే. "జనం అంతా వెళ్లిపోతున్నారా? ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే టైమ్ వేస్టా?" అని అడిగారు.

నేను చూస్తున్నంతలో గేమ్ బాగానే ఉంది. ఖాళీ అయింది మీ క్లాన్. మా క్లాన్ కూడా ఇలాగే ఖాళీ అయితే, గేమే పోయిందనుకుని ఏడాదిన్నర మానేశాను. తిరిగి వచ్చి చూశాకే అసలు విషయం తెలిసింది.

మాది జడ్చర్ల. బస్టాండ్ దగ్గర చిన్న మొబైల్ షాపు నడుపుతాను. 2014లో మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ హాస్టల్‌లో ఈ గేమ్ మొదలుపెట్టాను. ఐఫోన్‌కు 2012 ఆగస్టులోనే వచ్చింది గానీ, మా దగ్గరున్న ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది 2013 అక్టోబర్‌లో. ఆ మరుసటి ఏప్రిల్‌లో రెండు క్లాన్‌లు తలపడే క్లాన్ వార్‌లు పెట్టారు. పిచ్చి పట్టింది అప్పుడే. మా రూమ్‌లో నలుగురం, పక్క రూమ్‌లో ఆరుగురు, వాళ్ల తమ్ముళ్లు, తమ్ముళ్ల దోస్తులు, ఇలా నాలుగు నెలల్లో 50 నిండింది. క్లాన్‌లో 50 మందికి మించి పట్టరు కాబట్టి, వారం రోజులు డొనేషన్ (తోటివాళ్లకు పంపే ట్రూప్స్, అంటే సైనికులు) ఇవ్వనివాళ్లను తీసేసి కొత్తవాళ్లను తీసుకునేవాళ్లం. ఎవరినీ పేరుతో పిలిచేవాళ్లం కాదు, ఊరు పేరే. కోస్గి, మక్తల్, కల్వకుర్తి, దేవరకొండ. "కోస్గీ, ఐదో నంబర్ నీదే" (అవతలి క్లాన్‌లో ఐదో బేస్ నువ్వే కొట్టాలి) అని చాట్‌లో పడితే, కోస్గి తమ్ముడు తిండి పక్కన పెట్టైనా అటాక్ చేసేవాడు. 2016లో జిల్లా ముక్కలైంది, 2019లో నారాయణపేట కూడా వేరైంది. మా క్లాన్ వివరణలో మాత్రం ఇప్పటికీ పాలమూరు అనే ఉంది, మార్చబుద్ధి కాలేదు.

జనం వెళ్లడం ఒక్కసారిగా జరగలేదు. నాకు గుర్తున్న మొదటి దెబ్బ 2015 డిసెంబర్ అప్‌డేట్. అంతకుముందు టౌన్‌హాల్‌ను గోడల బయట పెట్టేవాళ్లం. ఎవడో వచ్చి అదొక్కటి పడగొట్టి పోతే మనకు ఉచితంగా షీల్డ్ (కొన్ని గంటలు ఎవరూ దాడి చేయలేని రక్షణ) వచ్చేది, లోపలి గోల్డ్ భద్రంగా ఉండేది. చదువుకునేవాళ్లకు, డ్యూటీకి పోయేవాళ్లకు అదే దిక్కు. ఆ అప్‌డేట్‌తో అది పోయింది. రాత్రి పడుకుని లేచేసరికి లూట్ అంతా ఊడ్చుకుపోయేవారు. నెల తిరక్కముందే మా దాంట్లో ఏడెనిమిది మంది మానేశారు.

పెద్ద దెబ్బ మాత్రం 2018. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా కరువు తీరింది. క్లాష్ తక్కువ డేటాతో, సగం చచ్చిన సిగ్నల్‌తో కూడా నడుస్తుందనే కదా మా ఊళ్లలో అంత పాకింది! డేటా పుష్కలంగా దొరికాక ఆ లాభం అక్కర్లేకుండా పోయింది. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. నలుగురు కలిసి మాట్లాడుకుంటూ ఆడే ఆట. వార్ కోసం ఒక రోజు ప్రిపరేషన్, ఒక రోజు బ్యాటిల్ అని ఎదురుచూసే ఓపిక ఎవరికి ఉంటుంది? హాస్టల్ బ్యాచ్ సగం అటు పోయింది. 2019లో గేమ్ చేసిన కంపెనీ సూపర్‌సెల్, ఏ క్లాన్‌వాళ్లైనా మాట్లాడుకునే గ్లోబల్ చాట్‌ను తీసేసింది. మాకు కొత్త మనుషులు దొరికేది అక్కడే. "తెలుగు క్లాన్, రోజూ వార్" అని ఒక లైన్ వేస్తే సాయంత్రానికి ముగ్గురు వచ్చేవాళ్లు. ఆ దారి మూసుకుపోయింది. పోయేవాళ్లు పోతూనే ఉన్నారు, వచ్చేవాళ్లు ఆగిపోయారు. 2020లో పబ్‌జీని బ్యాన్ చేసినప్పుడు కొందరు తిరిగొచ్చారు గానీ, చాలామంది ఫ్రీ ఫైర్‌కు, ఆ తర్వాత పబ్‌జీ పేరు మార్చుకుని వచ్చిన బీజీఎంఐకి వెళ్లిపోయారు.

ఇక లూట్ కోసం కొట్టడానికి బేస్ వెతుకుతూ నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుతూ పోతే మధ్యలో కొన్ని బేస్‌లు తగులుతాయి, మీరూ చూసే ఉంటారు. ఎలిగ్జిర్ (గేమ్‌లో గోల్డ్ లాంటి ఇంకో సంపద) కలెక్టర్లు గులాబీ రంగుతో అంచుదాకా నిండి ఉంటాయి. డొనేషన్ ట్రూప్స్ ఉండే క్లాన్ కాజిల్ ఖాళీ, ఒక్క ట్రూప్ బయటికి రాదు. ఆడేవాడు వదిలేసి పోయిన ఊరు, అందరం సంబరంగా కొట్టే డెడ్ బేస్ అదే. ఒకరోజు రాత్రి అలాంటిది కొడుతుంటే ఆ లేఅవుట్ ఎక్కడో చూసినట్టు అనిపించింది. పేరు చూస్తే మాతో ఆడి వెళ్లిపోయిన కల్వకుర్తి పిల్లగాడు. అటాక్ పూర్తి చేయకుండా ఆపేశాను. నేను గేమ్ మానేసింది ఆ వారంలోనే.

కానీ గేమ్ చచ్చిందని ఆ రాత్రి నేను వేసిన లెక్క తప్పు. మక్తల్, నారాయణపేట దిక్కు ఊళ్లకు వెళ్తే మీకు తాళం వేసిన ఇళ్లు వరసగా కనిపిస్తాయి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరిగిన మాట. ముంబై, పుణె, బెంగళూరు పనులకు పోయినవాళ్ల ఇళ్లవి. ఆ తాళాలు చూసి ఊరు చచ్చిందని మా దగ్గర ఎవరూ అనరు. ఎవరు పూర్తిగా పోయారు, ఎవరు దసరాకు వస్తారు అనేది ఊళ్లోవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. ఈ గేమ్‌లో కూడా ఆ రెండు రకాలూ ఉన్నారని షాపులో కూర్చున్నాకే నాకు అర్థమైంది.

కొత్త ఫోన్ కొన్నవాళ్లు పాత ఫోన్‌లోని డేటా మార్చమని ఇస్తారు. ఆ టైమ్‌లో ఏయే గేమ్‌లు ఉన్నాయో కళ్ల ముందే కనిపిస్తుంది. పదిహేనేళ్ల పోరగాళ్ల ఫోన్లలో క్లాష్ దాదాపు కనిపించదు, ఇది నిజం. ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ ఉంటాయి. పాతికేళ్లు దాటినవాళ్ల ఫోన్లలో క్లాష్ ఉంటుంది. టీచర్, జేసీబీ ఆపరేటర్, రైస్ మిల్లు గుమాస్తా, ఎవరైనా సరే, ఫోన్ చేతికిచ్చేటప్పుడు "అన్నా, నా విలేజ్ పోవొద్దు" అని మరీ మరీ చెబుతారు.

జనం మానేయడానికి ఆ విలేజ్ పోవడమనేది చాలా పెద్ద కారణం, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మా వ్యాపారంలో ఒక చెడ్డ అలవాటు ఉంది. కొత్త ఫోన్ అమ్మగానే కస్టమర్‌ను పాత జీమెయిల్ అడగకుండా, రెండు నిమిషాల్లో కొత్తది చేసి చేతిలో పెట్టేస్తారు. పాత జీమెయిల్‌కు కట్టి ఉన్న విలేజ్ అక్కడే ఉండిపోతుంది. ఆరేళ్లు కట్టుకున్న బేస్ పోయాక మళ్లీ టౌన్‌హాల్ 1 నుంచి ఎవరు మొదలుపెడతారు? వాళ్లకు గేమ్ మీద విసుగు రాలేదు, తాళంచెవి పోయిందంతే.

మా లీడర్ మక్తల్ అన్నకు జరిగింది ఇదే. 2016లో బిల్డింగ్ పనికి ముంబై పోయాడు. పగలంతా సెంట్రింగ్ పని, రాత్రి రూమ్‌లో అందరూ పడుకున్నాక అటాక్. 2023 చివర్లో ఫోన్ కిందపడి డిస్‌ప్లే పోయింది. అక్కడే ఏదో షాపులో కొత్తది కొన్నాడు, కొత్త జీమెయిల్ చేసి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆయన విలేజ్ అలాగే ఉండిపోయింది. డొనేషన్ సున్నా. మేమంతా ఆయన గేమ్ మానేశాడనుకున్నాం. అడగడానికి ఒక్కరం కూడా ఫోన్ చేయలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

2025 దసరాకు ఊరికొచ్చినప్పుడు షాపు ముందు ఆగి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన పాత ఫోన్ కౌంటర్ మీద పెట్టాడు. పారేయలేదు, రెండేళ్లు బ్యాగ్‌లోనే పెట్టుకుని తిరిగాడు. అదే మోడల్ డిస్‌ప్లే తెప్పించి వేశాను. చార్జింగ్ పెట్టి పది నిమిషాలు చూశాం. లోగో వచ్చింది, హోమ్ స్క్రీన్ వచ్చింది, జీమెయిల్ లాగిన్ అయ్యే ఉంది. గేమ్ అప్‌డేట్ పెట్టి ఓపెన్ చేస్తే విలేజ్ కనిపించింది. ఎక్కడ వదిలేశాడో అక్కడే, టౌన్‌హాల్ 12. పక్కన గేమ్‌లో ఏటా మొలిచేవి, ఆయన నరకకుండా దాచుకున్న క్రిస్మస్ చెట్లు, ఒక్కో ఏడాదిది ఒక్కో రకం. ఆయన స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇది 2016ది, ముంబై పోయిన మొదటి సంవత్సరం" అని చూపించాడు. వెంటనే సూపర్‌సెల్ ఐడీకి (ఫోన్ మారినా విలేజ్ తిరిగి తెచ్చుకునే అకౌంట్) లింక్ చేసి, ఆ మెయిల్, ఆ మెయిల్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఆయన పర్సులో పెట్టాను.

మీ అసలు అనుమానానికి వస్తాను. ఎంతమంది ఆడుతున్నారో ఎలా తెలుస్తుంది? పీసీ గేమ్‌లకైతే స్టీమ్‌లో ఆ నిమిషానికి ఎంతమంది ఉన్నారో కనిపిస్తుంది. దీనికి అలాంటి మీటర్ లేదు. ప్లే స్టోర్‌లో 50 కోట్లకు పైగా డౌన్‌లోడ్‌లని ఉంటుంది, అందులో వారం ఆడి తీసేసినవాళ్లూ ఉంటారు కాబట్టి దాన్ని పట్టుకోవద్దు. నేను చూసేది వార్ సెర్చ్. మనంత బలమున్న ఇంకో క్లాన్ అదే సమయానికి వార్ వెతుకుతుంటేనే మనకు జోడీ దొరుకుతుంది. మాది 10 మందితో వెతికితే రాత్రిపూట ఐదు నిమిషాలు దాటడం అరుదు. జనం లేని గేమ్‌లో అలా దొరకదు.

ఇంకొకటి, సూపర్‌సెల్ తన గేమ్‌లను మొహమాటం లేకుండా మూసేసే కంపెనీ. క్లాష్ మినీని 2024లో మూసేసింది. అదే ఏడాది మేలో అంత ప్రచారంతో స్క్వాడ్ బస్టర్స్ తెచ్చి, 2025లో ఇక కొత్తవి చేయమని చెప్పేసింది. అలాంటి కంపెనీ ఈ పాత గేమ్‌కు 2024 నవంబర్‌లో టౌన్‌హాల్ 17, మరుసటి ఏడాది 18 తెచ్చిందంటే, ఆడేవాళ్లు, డబ్బు పెట్టేవాళ్లు ఉన్నట్టే కదా.

నాకున్న అసలు దిగులు పిల్లలది. మా క్లాన్‌లో ఇప్పుడు 26 మంది, ఇరవై లోపువాడు ఒక్కడే. వాడు మా అక్క కొడుకు, నేను బలవంతంగా చేర్చాను. పద్దెనిమిది టౌన్‌హాల్‌లు ఎక్కాలంటే ఆ వయసు పిల్లలకు కొండలా కనిపిస్తుంది. పాతవాళ్లు తిరిగొస్తున్నంత కాలం ఈ లోటు బయటపడదు. పదేళ్ల తర్వాత ఎవరు ఆడతారని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు, బాధగానే ఉంది.

పాతవాళ్లు తిరిగి రావడానికి కారణం కూడా ఉంది. 2022లో ట్రూప్స్ తయారీకి ఎలిగ్జిర్ ఖర్చు తీసేశారు. 2025 మార్చిలో తయారీ సమయం కూడా తీసేశారు. ఒకప్పుడు ఒక అటాక్ చేసి ఆర్మీ కోసం అరగంట, గంట కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఒకటి అవగానే ఇంకొకటి. మా దగ్గరి జేసీబీ ఆపరేటర్ ఒకాయన 2017లో మానేసి, ఈ మార్పు తర్వాత మళ్లీ వచ్చాడు. టిప్పర్ లోడ్ దింపి వచ్చేలోపు రెండు అటాక్‌లు అవుతున్నాయంటాడు.

మీకు నేను చెప్పేది: ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి సూపర్‌సెల్ ఐడీ ఉందో లేదో చూడండి, లేకపోతే ఈ రోజే పెట్టుకోండి. రెండోది, ఆ 43 మందిలో మీకు నంబర్లు తెలిసినవాళ్లకు ఫోన్ చేయండి. చాట్‌లో హాయ్ పెడితే గేమ్ తెరవనివాడికి ఎలా కనిపిస్తుంది? ఇద్దరు ముగ్గురికి ఫోన్ పోయిన కథే ఉంటుంది, పాత ఫోన్ ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది, బాగు చేయించమనండి. ఎవరూ రాకపోతే ఆ క్లాన్‌ను పట్టుకుని కూర్చోకుండా, వారానికి రెండు వార్‌లైనా ఆడే క్లాన్ చూసి చేరండి. టౌన్‌హాల్ 9 అని మొహమాటపడకండి, చాలా క్లాన్‌లు తీసుకుంటున్నాయి. 9 నుంచి 12 వరకు అప్‌గ్రేడ్ టైమ్‌లు మీరు వదిలేసినప్పటి కంటే బాగా తగ్గాయి కూడా.

మక్తల్ అన్న పండుగ అయ్యాక ముంబై వెళ్లిపోయాడు. ఈ వారం వార్‌లో ఆయనది ఎనిమిదో నంబర్. మొదటి అటాక్‌లో రెండు స్టార్లు వచ్చాయి, రెండోది రాత్రి డ్యూటీ దిగాక చేస్తానని చాట్‌లో పెట్టాడు. ఆయనకు ట్రూప్స్ డొనేట్ చేసే పని నాది, షాపు మూసే ముందు పంపాలి.