కుండీల రంగు ఊడుతోందా? తప్పు రంగుది కాదు

పిల్లలతో కలిసి మట్టి కుండీలకు వేసిన రంగు రెండు నెలలకే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోందని ఒకరు రాశారు. ఖరీదైన రంగు కొన్నా ఇదే జరిగేది. కాల్చిన మట్టికి సన్నని రంధ్రాలుంటాయి. మొక్కకు పోసిన నీరు లోపలి నుంచి గోడలోకి ఇంకి, బయటపడే దారి లేక రంగును నెట్టేస్తుంది. ఊడిన పెచ్చును తిప్పి చూడండి. వెనక తెల్లటి పొడి కనిపిస్తే అది నీటితో వచ్చిన లవణమే.

కుండీని ఖాళీ చేసి, పాత రంగును శాండ్‌పేపర్‌తో గీకి, కడిగి, మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందా, ఇంకా తడి ఉన్నట్టే. తర్వాత లోపలివైపు నీరు ఇంకనివ్వని సీలర్ రెండు పూతలు వేయాలి. చాలామంది బయట మాత్రమే పూసి ఊరుకుంటారు, అసలు పని లోపలిదే. అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూడండి. సీలర్ పిల్లల చేతికి ఇవ్వకండి. అది ఆరాక బయట ప్రైమర్ (రంగు బాగా పట్టేందుకు ముందుగా వేసే పూత), అక్రిలిక్ రంగు, పైన వార్నిష్. ఇక గోడల గుండా నీరు ఆవిరి కాదు కాబట్టి మునుపటికంటే తక్కువ పోయండి.

ఇంత ఓపిక లేదంటారా? మొక్కను చిన్న ప్లాస్టిక్ కుండీలో ఉంచి రంగు కుండీలోకి దించేయండి. నిజం చెప్పాలంటే మా ఇంట్లో జరిగేది ఇదే.