క్యూ కొనబోయే ముందు: బుజ్జమ్మకు పెదనాన్న ఉత్తరం

నెల్లూరు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

ఆఫీసు అయ్యాక నువ్వు ఒంగోలులో పూల్, అదే టేబుల్ మీద బంతులను కర్రతో పాకెట్లలోకి కొట్టే ఆట, ఆడుతున్నావని, ఆ కర్ర, అంటే సొంత క్యూ, కొనడానికి డబ్బు దాస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆడపిల్లకు ఆ పార్లర్లేమిటి బావగారూ, మీరైనా దానికి చెప్పండి అంది. చెబుతానన్నాను. ఆటకు వెళ్లవద్దని మాత్రం చెప్పను. మన ఇంట్లో మళ్లీ ఒకరు క్యూ పట్టారని విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. భయమూ అంతే ఉంది. నా భయం పార్లర్ గురించి కాదు తల్లీ, నువ్వు కొనబోయే కర్ర గురించి.

మీ అమ్మకు నేను సర్దిచెబుతాను. పనీపాటా లేనివాళ్ల ఆట అని ఆమె అనుకుంటోంది. బిలియర్డ్స్, స్నూకర్, పూల్ అన్నీ ఈ క్యూతో ఆడే ఆటలే. ఏ ఆటలోనైనా మన దేశానికి మొట్టమొదటి ప్రపంచ చాంపియన్ విల్సన్ జోన్స్. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచాడు. స్నూకర్ పుట్టిందే మన దేశంలో, 1875లో జబల్పూర్‌లోని సైనికాధికారుల మెస్‌లో. ఆడపిల్లల మాట అంటావా, 2017లో సింగపూర్‌లో ప్రపంచ మహిళల స్నూకర్ ఫైనల్ దాకా వెళ్లి, ఆఖరి ఫ్రేమ్ వరకు పోరాడి 6-5తో ఓడింది విద్యా పిళ్లై. ఇవన్నీ ఆమెకు చెబుతాను. నువ్వు చీకటి పడకముందే ఇంటికి చేరు, ఎవరితో వెళ్తున్నావో అమ్మకు చెప్పి వెళ్లు. ఆ విషయం అంతటితో సరి.

ఇక క్యూ సంగతి. మన ఊళ్లలో చాలా పార్లర్లలో పూల్ టేబుల్ మీద కూడా స్నూకర్ క్యూలే పెడతారు. వాటి కొస 9 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు, చిన్నది. పూల్ బంతి 57 మిల్లీమీటర్ల పైచిలుకు, బరువు 170 గ్రాముల దాకా ఉంటుంది. అంత బంతిని సన్నటి కొసతో కొడితే గురి ఏమాత్రం తప్పినా అక్కర్లేని తిరుగుడు వచ్చిపడుతుంది. నువ్వు ఆడేది పూలే కాబట్టి పూల్ క్యూనే కొను. కొస 12 నుంచి 13 మిల్లీమీటర్ల మధ్య ఉన్నది చాలు. పొడవు 58 అంగుళాలు, నీ ఎత్తుకు సరిపోతుంది. రెండు ముక్కలుగా విడిపోయేది తీసుకుంటే బస్సులో సులువు. చెక్కది కొంటే షాఫ్ట్, అంటే కొస వైపు ముక్క, గట్టి మేపుల్ చెక్కదై ఉండాలి. చేత్తో పట్టుకునే వెనక ముక్క, అదే మొదలు, దాని మీద పొదిగిన రంగురంగుల డిజైన్లకు డబ్బు పెట్టకు, అవి బంతికి తగలవు.

బరువు దగ్గరే అందరూ బోల్తా పడతారు. పూల్ క్యూలు సాధారణంగా 18 నుంచి 21 ఔన్సుల దాకా ఉంటాయి. ఔన్సు అంటే దాదాపు 28 గ్రాములు. మూడు ఔన్సుల తేడా ఎంతలే అనిపిస్తుంది. ఆ తేడా ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను. మీ నాన్న ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. నేను చెప్పానని వాడితో అనకు.

క్లబ్బులో నేను బిలియర్డ్స్ మార్కర్‌గా ఉన్న రోజులవి. స్కోరు చెప్పడం, బంతులు తుడవడం, టేబుల్ గుడ్డ ఇస్త్రీ చేయడం, క్యూల కొసకు టిప్పులు, అంటే బంతికి తగిలే తోలు బిళ్లలు, వేయడం అన్నీ నా పనులే. రాత్రి సభ్యులు వెళ్లాక మీ నాన్న వచ్చేవాడు. గోడన ఉన్న క్యూల్లో ఒక పాతది, యాష్ చెక్కది, తేలికైనది వాడికి అలవాటు. వాడి చెయ్యి ఎంత మెత్తన అనుకున్నావు! క్యూను జానెడుకు మించి వెనక్కి లాగేవాడు కాదు. తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందో ముందే వేలు పెట్టి చూపించి, అక్కడే ఆపేవాడు. బంతి పాకెట్‌లోకి జారేదే తప్ప వెనక తోలుకు కొట్టుకున్న చప్పుడు వినిపించేది కాదు. ఒకరిద్దరు సభ్యులు ఇంటికి పోవడం మానుకుని మరీ చూసేవాళ్లు.

ఒక ఏడాది పోటీలకు మద్రాసు నుంచి ఒకాయన వచ్చాడు. మనిషి ఆజానుబాహువు. క్యూను మూరెడు వెనక్కి లాగి కొడితే గది దద్దరిల్లేది. ఆయన క్యూ 20 ఔన్సుల పైన ఉంటుంది, మొదలంతా నల్లటి ఎబొని. ఆ శరీరానికి, ఆ ఊపుకు అది సరైన క్యూ. మీ నాన్న ఆ ఆటకు మనసు పారేసుకున్నాడు. అప్పు చేసి మద్రాసు వెళ్లి అలాంటి క్యూనే కొనుక్కొచ్చాడు. టిప్ కూడా బాగా గట్టిది వేయించుకున్నాడు.

మొదటి వారమంతా ఊరంతా చూపించాడు. తర్వాత అసలు సంగతి బయటపడింది. అదే చెయ్యి, అదే ఊపు, కానీ కర్ర బరువెక్కింది కనుక తెల్ల బంతి వాడు అనుకున్నచోటు దాటి పోయేది. దాన్ని ఆపాలని, బంతికి తగలబోయే క్షణంలో చెయ్యిని బిగబట్టడం మొదలుపెట్టాడు. బిగబట్టిన చెయ్యి నేరుగా వెళ్లదు, పక్కకు లాగుతుంది. దెబ్బ పడ్డాక టిప్ చూస్తే, జారకుండా దానికి రాసే చాక్ పొడి ఎడమ అంచునే చెరిగిపోయి ఉండేది. తను మధ్యలోనే కొట్టానని ఒట్టేసేవాడు. చాక్ అబద్ధం చెప్పదు కదా.

అప్పుడైనా ఆ క్యూను పక్కన పెట్టి ఉంటే ఏమీ పోయేది కాదు. అప్పు చేసి కొన్నది తనకు పనికిరాదని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. క్యూకు తగినట్టు చెయ్యిని మార్చుకోబోయాడు. ఊపు పెంచాడు, పట్టు బిగించాడు, నిలబడే తీరు మార్చాడు. వచ్చిన ప్రతివాడినీ సలహా అడిగాడు, అందరి సలహాలూ పాటించాడు. ఏడాది తిరిగేసరికి ఆ మద్రాసు ఆయన ఆట రాలేదు, తన ఆట మిగల్లేదు. మళ్లీ ఆ పాత యాష్ క్యూ ఇస్తే, అది చేతిలో పుల్లలా ఉందన్నాడు. తర్వాత పెళ్లి, కనిగిరికి బదిలీ, సంసారం. క్యూను సగం ధరకు అమ్మేశాడు. ఆ చెయ్యి అలా పోవలసింది కాదు బుజ్జమ్మా. ఇన్నేళ్లయినా నాకు ఆ కడుపుమంట తగ్గలేదు.

నువ్వు ఆడుతున్నావని చెప్పినప్పుడు వాడు ఒక్క మాటే అడిగాడు. “దాని చెయ్యి ఎలా ఉందట?” అని. అందుకే, నువ్వు ఆడుతుండగా పక్క నుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి ఎవరితోనైనా వీడియో తీయించి పంపు. ఇద్దరం చూస్తాం.

ఈలోగా నువ్వు కూడా గమనించుకో. పార్లర్ క్యూల మీద బరువు అంకె వేసి ఉంటే, నీకు హాయిగా ఉన్న క్యూ అంకె ఏదో చూడు. ఒక నెలపాటు ఆ బరువుతోనే ఆడు. దెబ్బ పడ్డ తర్వాత టిప్ వైపు చూడు, చాక్ ఎక్కడ చెరిగిందో చూడు. దగ్గరి బంతులను మెల్లగా తోసి తెల్ల బంతిని చెప్పినచోట ఆపే చెయ్యి నీదైతే 18, 19 ఔన్సుల దగ్గర వెతుకు. పెద్ద ఊపుతో కొడుతూ కూడా చెయ్యి నిబ్బరంగా ఉంటే 20 పట్టి చూడు. ఏదీ తేలకపోతే 19 తీసుకో. పట్టు దగ్గర మొదలు బరువుగా ఉందా, కొస వైపు వాలుతోందా అన్నది కూడా చూడాలి. ఒకే బరువున్న రెండు క్యూలు చేతిలో రెండు రకాలుగా ఉండేది ఇందువల్లే.

టేబుల్ మీద ఆనించే ఎడమ చేతిని చూసుకో. చూపుడు వేలు క్యూ చుట్టూ వేసి మూస్తావా, బొటనవేలి పక్కన గాడి చేసి తెరిచి ఉంచుతావా? వేలు మూసేవాళ్లకు కొస నుంచి అడుగు దాకా ఒకే మందంగా ఉండే షాఫ్ట్ బాగా జారుతుంది. తెరిచి ఆడేవాళ్లకు క్రమంగా లావెక్కేదైనా ఇబ్బంది ఉండదు. టిప్ మధ్యరకం గట్టిదనం ఉన్నది వేయించుకో. మెత్తటిది చాక్‌ను బాగా పట్టుకుంటుంది కానీ తొందరగా అణిగి అంచులు బయటికి పొంగుతాయి. గట్టిది ఆకారం చెడదు కానీ, చాక్ సరిగా రాయకపోతే జారుతుంది. నీకు ఇంకా చాక్ రాయడం అలవాటు కావాలి.

కార్బన్ షాఫ్ట్ కొనాలనుకుంటున్నావట. మంచిది కాదని అనను. కానీ అదెందుకో తెలిసి కొను. తెల్ల బంతిని మధ్యలో కాకుండా కుడి పక్క కొడితే, అది గురిపెట్టిన గీత వదిలి కాస్త ఎడమకు జరుగుతుంది. కొస ఎంత బరువుంటే అంత ఎక్కువ జరుగుతుంది. కొస తేలిక చేసిన షాఫ్టుల్లో, కార్బన్‌తో సహా, ఆ జరుగుడు తక్కువ. ఇలా పక్కన కొట్టే దెబ్బను, అదే సైడ్‌ను, ఎక్కువగా వాడేవాళ్లకు అది వరం. నువ్వు ఇప్పటికి బంతిని నడి మధ్యన కొట్టడమే నేర్చుకుంటున్నావు. నెలల జీతం దానికి పోసే సమయం ఇది కాదు. పైగా ఒక రకం షాఫ్టుకు కన్ను అలవాటు పడ్డాక ఇంకోదానికి మారితే గురి మొదటి నుంచి దిద్దుకోవాలి. బ్రేక్, అంటే పేర్చిన బంతులను చెదరగొట్టే మొదటి దెబ్బ, కొట్టడానికి మాత్రం నీ క్యూ వాడకు, పార్లర్ క్యూ తీసుకో.

కొనేటప్పుడు రెండు ముక్కలనూ విడివిడిగా టేబుల్ మీద దొర్లించు. కింద కనిపించే వెలుతురు గీత సమంగా ఉండాలి, పెరుగుతూ తరుగుతూ ఉంటే వంకర ఉన్నట్టు. తర్వాత బిగించి దొర్లించు. విడిగా బాగుండి, కలిపాక ఊగితే జాయింట్‌లో లోపం. మొదలు పట్టుకుని ఒక కన్ను మూసి కొస దాకా చూడు. తర్వాత చెక్క చారలు. ఉదయగిరి చెక్క చెంచాలు మన ఇంట్లో ఉన్నాయి కదా, అవి చెక్కేవాళ్లు ఉలి పెట్టకముందే చార ఎటు పోతోందో చూస్తారు. షాఫ్ట్ మీద చార మొదటి నుంచి చివరిదాకా నిటారుగా పరిగెత్తాలి. మధ్యలో పక్కకు దిగిపోయిందంటే ఆ చెక్క ఎప్పుడో ఒకప్పుడు అటే వంగుతుంది. అరచేత్తో మొదలు మీద తట్టు. జరజరమని చప్పుడు వస్తే ఎక్కడో వదులుంది, వద్దను.

మన చేతులకు చెమట ఎక్కువ. పట్టు దగ్గర నార దారం చుట్టినది తీసుకుంటే చెమట పీల్చుకుంటుంది. నున్నటి వార్నిష్ పట్టు మే నెలలో జారుతుంది. ఆట అయ్యాక షాఫ్టును పొడిగుడ్డతో తుడువు, నీళ్లు తగలనివ్వకు.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను, విను. క్యూను ఎండలో నిలిపిన కారులోగానీ స్కూటర్ పెట్టెలోగానీ వదలకు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కర్ర ఏపాటి? జిగురు మెత్తబడి టిప్, దాని కింద కొసకు తొడిగిన తెల్లటి ఫెర్రూల్ ఊడిపోతాయి. కార్బన్ అయినా టిప్‌ను అతికించేది జిగురే. అక్టోబరు నుంచి మన తీరానికి వాయుగుండాల కాలం, గాలంతా తడి. చెక్క ఆ తడి తాగుతుంది. గోడకు ఏటవాలుగా ఆనించి పెడితే బరువుకు వంగిపోతుంది. కేసులో పెట్టి, బీరువాలో నిటారుగా నిలబెట్టు.

ఓడినవాళ్లు టేబుల్ డబ్బులు కట్టాలనే పందెం మొదట చిన్నదిగానే ఉంటుంది. అందులోకి దిగకు. ఎవరైనా పాత క్యూ చవకగా ఇస్తానంటే నాకు చూపించకుండా తీసుకోకు.

చెన్నైలో కొనాలనుకుంటే నేనూ వస్తాను. ఉదయం ఒంగోలులో నువ్వు రైలెక్కు, నెల్లూరులో నేను ఎక్కుతాను. ఆన్‌లైన్‌లో అయితే డబ్బు కట్టకముందు బరువు, కొస మందం, టిప్ రకం రాసి పంపు. టిప్ వేయడానికి ఎవరికీ డబ్బివ్వకు. నా దగ్గర జిగురు, ఆకురాయి, సానకాగితం అన్నీ ఉన్నాయి. క్యూ పట్టుకుని ఆదివారం వచ్చేయ్.

ఇట్లు,
మీ పెదనాన్న