ఇంటి పన్ను కడుతున్నాం కదా, ఈ నోటీసులు ఎందుకు?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక నగర పంచాయతీ. ఊరు మేజర్ పంచాయతీగా ఉన్న రోజుల్లో, 1998లో, నాన్నగారు తాను కొన్న స్థలంలో పంచాయతీ ప్లానుతో ఇల్లు కట్టారు. 2014లో పై అంతస్తు వేశాం. దానికి ప్లాను తీసుకోలేదు. అయినా రెండు అంతస్తులకూ పన్ను వేశారు, బాకీ లేకుండా కడుతున్నాం. కింద ముందు గదిలో నాకు జిరాక్సు షాపు ఉంది. ఇప్పుడు మూడు కాగితాలు వచ్చాయి. మొదటిది, కింది అంతస్తు మొత్తాన్ని వ్యాపార భవనంగా చూపి పన్ను పెంచి, జరిమానా కలిపిన స్పెషల్ నోటీసు. రెండోది, పై అంతస్తు అనధికార నిర్మాణమని, ఎందుకు తొలగించకూడదో చెప్పమని అడుగుతూ షో కాజ్ నోటీసు. మూడోది, మాస్టర్ ప్లాన్ ప్రకారం మా వీధి 60 అడుగులు కావాలి కాబట్టి ముందు వైపు 5 అడుగులు స్వచ్ఛందంగా వదులుకుంటున్నామని సంతకం పెట్టవలసిన ఒక అచ్చు పత్రం. నోటీసులు అంది పది రోజులైంది. నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. పన్ను బిల్లు అన్నయ్య పేరు మీద ఉంది కాబట్టి ఇల్లు తనదేనని ఆయన అంటున్నారు. అమ్మ, పెళ్లయిన చెల్లెలు ఉన్నారు. ఏం చేయాలి?

జవాబు: మూడు కాగితాలూ ఒకే కార్యాలయం నుంచి వచ్చినా, వాటిని రాసిన బల్లలు వేరు. పన్ను చూసేది రెవెన్యూ విభాగం. ప్లాను, రోడ్డు వెడల్పు చూసేది టౌన్ ప్లానింగ్ విభాగం. ఇల్లు ఎవరిదో తేల్చే అధికారం ఈ రెండింటికీ లేదు, అది దస్తావేజులు, వారసత్వ చట్టం, చివరికి సివిల్ కోర్టు తేల్చవలసిన విషయం. ఒక బల్ల ఇచ్చిన రశీదు పక్క బల్ల దగ్గర చెల్లదు. పన్ను వేశారంటే ఒప్పుకున్నట్టే కదా అని మీరే కాదు, నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎనిమిదిమంది అనుకుంటారు. పన్ను సిబ్బంది టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలుస్తారు. ఆ గోడలకు ప్లాను ఉందా లేదా అన్నదానితో వాళ్లకు పని లేదు. నిలబడి ఉన్న ప్రతి కట్టడానికీ పన్ను వేస్తారు. అనధికార కట్టడాలకు పన్నుతో పాటు అతిక్రమణ తీవ్రతను బట్టి 25 శాతం నుంచి 100 శాతం దాకా జరిమానా ఉంటుంది. ప్లాను లేకుండా వేసిన అదనపు అంతస్తుకు 100 శాతం. ఈ పన్ను, జరిమానా వసూలు చేసినంత మాత్రాన నిర్మాణాన్ని క్రమబద్ధీకరించినట్టు కాదని నిబంధనలోనే రాసి ఉంది. కాబట్టి ‘పదేళ్లుగా పన్ను తీసుకుని ఇప్పుడు అనధికారం అంటారా’ అనే వాదన మనసుకు ఎంత న్యాయంగా తోచినా, దాని మీద కేసు నిలబడదు.

అలాగని వాళ్లు వేసిన పన్నును కళ్లు మూసుకుని కట్టనక్కర్లేదు. మీ మొదటి కాగితంలో మీకు అనుకూలమైన సంగతులు కనిపిస్తున్నాయి. రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి పన్నుకు ఆధారం అద్దె విలువ కాకుండా ఆస్తి మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం కలిపిన విలువ అయింది. నివాస భవనాలకు ఆ విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం. ఈ హద్దుల మధ్య మీ ఊరి రేటు ఎంతో స్థానిక తీర్మానంలో ఉంటుంది. కట్టడంలో ఏ భాగాన్ని దేనికి వాడుతున్నారో ఆ భాగానికి ఆ రేటు పడాలి. ముందు గదిలో జిరాక్సు మిషన్ ఉన్నంత మాత్రాన వెనక పడక గది, వంటగది దుకాణాలైపోవు.

లెక్క వేసి చూద్దాం. కింది అంతస్తు 900 చదరపు అడుగులు, షాపు గది 180 అనుకోండి. ఆ అంతస్తు విలువ 12 లక్షలు, నివాస రేటు 0.15, వ్యాపార రేటు 0.30 అనుకుందాం. మొత్తం వ్యాపారమంటే ఏడాదికి 3,600 రూపాయలు. షాపుకు ఐదో వంతే అంటే 2 లక్షల 40 వేల మీద 720, మిగిలిన 9 లక్షల 60 వేల మీద 1,440, కలిపి 2,160. తేడా 1,440 రూపాయలు, ప్రతి ఏటా. ఇక జరిమానా పై అంతస్తు పన్నుకు మాత్రమే పడిందో, ప్లాను ఉన్న కింది అంతస్తు పన్నును కూడా కలిపి లెక్క కట్టారో చూడండి. కలిపి ఉంటే దాన్నీ ఆక్షేపించండి. నోటీసులో కొలతల పట్టిక ఉంటుంది, లేకపోతే అడిగి తీసుకోండి. మీరే టేపుతో కొలవండి. వరండానూ మెట్ల గదినీ రెండుసార్లు కలిపిన పట్టికలు నేను చూశాను.

కమిషనర్ పేరిట రివిజన్ పిటిషన్, అంటే పన్నును మళ్లీ పరిశీలించి సవరించమనే అర్జీ రాసి, షాపు గది కొలతలు, ఫొటో, 1998 ప్లాను నకలు జతచేయండి. నోటీసులో చెప్పిన గడువు దాటనివ్వకండి. ఈలోగా పన్ను ఆపవద్దు. బాకీ మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు కూడా మీకు అంత ఇవ్వదు. ‘నా అభ్యంతరాలకు లోబడి చెల్లిస్తున్నాను’ అని ఒక లేఖ ఇచ్చి కట్టండి.

షాపు విషయంలో మీరు అడగని మాట ఒకటి చెప్పాలి. వ్యాపార పన్ను కట్టినంత మాత్రాన మీ స్థలం వాణిజ్య జోన్‌లోకి మారదు. మీ వీధి మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్ అయితే, అందులో ఏ చిన్న వ్యాపారాలకు చోటుందో ఆ ప్లానుకు జతగా ఉండే జోనింగ్ నిబంధనల్లో ఉంటుంది. మీ సర్వే నంబరుకు భూ వినియోగ ధ్రువీకరణ పత్రం కోసం దరఖాస్తు పెట్టండి. రేపు ఎవరైనా షాపు మూయమంటే చేతిలో ఆ కాగితం ఉండాలి.

రెండో కాగితం వేరే సంగతి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. 1965 నాటి మునిసిపాలిటీల చట్టమే నగర పంచాయతీలకూ వర్తిస్తుంది. దాని 228వ సెక్షన్ కింద ముందు తాత్కాలిక ఉత్తర్వు, షో కాజ్ నోటీసు వస్తాయి. మీ జవాబు చూశాకో, జవాబు రాకపోతేనో దాన్ని ఖరారు చేస్తారు. జవాబివ్వని వాళ్ల ఫైలు చాలా వేగంగా కదులుతుంది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించేలా ఆదేశాలిచ్చింది. స్థానిక చట్టంలో చెప్పిన గడువు, పదిహేను రోజులు, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే అంతవరకూ సమయం ఇవ్వాలి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఇంటి గోడకూ అంటించాలి. ఉల్లంఘన ఏమిటో స్పష్టంగా రాయాలి, మిమ్మల్ని పిలిచి వినాలి. తుది ఉత్తర్వులో కూల్చివేత తప్ప వేరే మార్గం ఎందుకు లేదో కారణం చెప్పాలి. ఆ ఉత్తర్వు వచ్చాక కూడా మరో పదిహేను రోజులు ఆగాలి. ఇవి పాటించకుండా యంత్రాలతో వస్తే మీరు హైకోర్టులో రిట్ వేయవచ్చు.

కానీ ఈ రక్షణ, అధికారులు పాటించవలసిన పద్ధతికి సంబంధించినది. మీ తప్పును అది కడగదు. అదే ఏడాది డిసెంబరులో అదే న్యాయస్థానం ఎన్నేళ్లు గడిచినా, అధికారులు ఎంత ఉదాసీనంగా ఉన్నా అనధికార నిర్మాణం సక్రమం కాదని తేల్చిచెప్పింది. అందుచేత జవాబులో ‘మాకు తెలియదు’, ‘వీధిలో అందరూ అలాగే కట్టారు’ అని రాయకండి. రెండోది రాస్తే మీకు లాభం లేదు, పైగా పక్కింటివాళ్లకూ నోటీసు తెప్పించినవారవుతారు. లైసెన్సు ఉన్న ఇంజినీరు చేత ఉన్నది ఉన్నట్టు డ్రాయింగ్ గీయించండి. పై అంతస్తు కింది గోడల మీదే నిలబడిందా, బాల్కనీ వదిలిపెట్టవలసిన ఖాళీలోకి చొచ్చుకువచ్చిందా అన్నది అక్కడ తేలుతుంది. గోడల మీదే ఉంటే, నిబంధనల ప్రకారం అనుమతించదగిన నిర్మాణమే, ప్లాను మాత్రమే తీసుకోలేదు, తగిన రుసుముతో క్రమబద్ధీకరించండి అని అడగవచ్చు. బాల్కనీ ఒక్కటే బయటికి వస్తే దాన్ని మీరే తీసేసి ఫొటో జతచేయడం మంచిది. ప్రభుత్వం 2015లో, 2019లో చేసినట్టు భవనాల క్రమబద్ధీకరణ పథకం ప్రకటిస్తే దరఖాస్తు పెట్టండి. అలాంటి పథకాల్లో మాస్టర్ ప్లాన్ రోడ్డులోకి వచ్చే భాగాన్ని పక్కన పెడతారని గుర్తుంచుకోండి. అంటే మీ మూడో కాగితం రెండోదానితో ముడిపడి ఉంది.

ఆ మూడోది చూడటానికి అమాయకంగా ఉంటుంది. మాస్టర్ ప్లాన్‌లో గీత పడినంత మాత్రాన స్థలం నగర పంచాయతీది కాదు. ఆ గీత ఉన్నంతకాలం ఆ 5 అడుగుల్లో కొత్త కట్టడానికి అనుమతి దొరకదు, అంతే. స్థలం కావాలంటే చట్ట ప్రకారం తీసుకోవాలి. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని రాజ్యాంగం 300-ఏ అధికరణ చెబుతుంది. 2024 మేలో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆ ఒక్క వాక్యాన్ని ఏడు హక్కులుగా విడదీసి చూపింది. నోటీసు, వాదన వినడం, కారణాలతో కూడిన నిర్ణయం, న్యాయమైన పరిహారం అందులోవే.

పరిహారం అంటే ఎంత? రోడ్డు వైపు మీ స్థలం వెడల్పు 40 అడుగులు అనుకుంటే, 5 అడుగుల లోతున 200 చదరపు అడుగులు, సుమారు 22 గజాలు. గజం 10 వేలు అనుకుంటే 2 లక్షల 20 వేలు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణంలో మార్కెట్ విలువకు సమానంగా 100 శాతం సొలేషియం (ఇష్టం లేకుండా ఆస్తి పోతున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కలుస్తుంది కాబట్టి 4 లక్షల 40 వేలు అవుతుంది. పోయే వరండా విలువ, దాని మీద సొలేషియం అదనం. నగదుకు బదులు టీడీఆర్ బాండు, అంటే వేరేచోట అదనంగా కట్టుకోవడానికి వాడుకోగల, లేదా అమ్ముకోగల హక్కు పత్రం ఇస్తామనవచ్చు, తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. చిన్న ఊళ్లో బాండు కొనేవాళ్లు దొరకడం కష్టమని నా అభిప్రాయం. అచ్చు పత్రంలో ‘ఉచితంగా’ అనే మాట ఎక్కడుందో వెతకండి, తప్పకుండా ఉంటుంది. దాని కింద సంతకం పెట్టాక పరిహారం అడగడం చాలా కష్టం.

ఒక్క మినహాయింపు. మీ దస్తావేజు హద్దులు చూసి, ముందు గోడ నుంచి వెనక గోడ దాకా కొలవండి. మురుగు కాలువ మీద మెట్లో, అరుగో కట్టి ఉంటే అది మీ స్థలం కాదు. దానికి పరిహారం రాదు. రోడ్డు మీది ఆక్రమణకు పైన చెప్పిన పదిహేను రోజుల రక్షణ కూడా వర్తించదు.

ఇక అన్నయ్యగారి మాట. పన్ను బిల్లులో ఎవరి పేరుంటే ఇల్లు వారిదైపోదు. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) హక్కును పుట్టించదు, ఉన్న హక్కును తీసేయదు అని సుప్రీంకోర్టు 1996లో సవర్ని కేసులో చెప్పింది, తర్వాత కూడా చాలాసార్లు చెప్పింది. మీది హిందూ కుటుంబమైతే, నాన్నగారు కొన్న ఆస్తి కాబట్టి, వీలునామా లేనందున 1956 వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, అన్నయ్యగారికి, మీకు, చెల్లెలికి తలా నాలుగో వంతు. నాన్నగారి తల్లి ఆయన పోయిననాటికి జీవించి ఉంటే ఆమెకూ సమాన వాటా. పెళ్లయిందని చెల్లెలి వాటా తగ్గదు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి వారసులందరి పేర్లతో మార్పు చేయమని దరఖాస్తు ఇవ్వండి. తర్వాత కుదిరితే భాగ పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేయించుకోండి, కుదరకపోతే సివిల్ కోర్టులో విభజన దావా ఉంది.

గడువులో మీకు మిగిలింది అయిదు రోజులే కాబట్టి ముందు షో కాజ్ జవాబు ఇచ్చి, నకలు మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. పన్ను మీద పిటిషన్ అదే రోజు విడిగా ఇవ్వండి, రెండింటినీ ఒకే కాగితంలో కలపవద్దు. ఈ రాత్రికే అన్నయ్యగారితో కూర్చుని ఆ అచ్చు పత్రం ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. బిల్లు ఆయన పేరు మీద ఉంది కాబట్టి కార్యాలయం సంతకం అడిగేది ఆయన్నే. ఇప్పటికే పెట్టి ఉంటే, అది ఆయన వాటాను మించి ఎవరినీ కట్టిపడేయదని, ఆ స్థలంలో తమకూ భాగం ఉందని, పరిహారం లేకుండా వదులుకోవడానికి తాము ఒప్పుకోవడం లేదని అమ్మగారు, మీరు, చెల్లెలు ముగ్గురూ కలిసి కమిషనర్‌కు లేఖ రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.