గుర్తుంటుందిలే అనుకోకు, రాసుకో

నరసాపురం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మడూ,

ఆశీస్సులు. దసరాకి భీమవరంలో నువ్వు హోటల్ తెరుస్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పారు. మామూలు భోజన హోటల్ కాదుట. ముప్ఫై రెండు కుర్చీలేట, ముందుగా టేబుల్ రాయించుకోవాలిట, తొమ్మిది కోర్సుల్లో, అంటే ఒకదాని తర్వాత ఒకటి తొమ్మిది విడతలుగా, మన గోదావరి వంటేట. కొబ్బరితోట కాగితాలు బ్యాంకులో పెట్టారని చెప్పేటప్పుడు బావగారి గొంతు కొంచెం వణికింది. నాకు మాత్రం ముందు ఛాతీ పొంగింది. గ్లాసులు తుడవడానికి 1979లో హైదరాబాదు పోయిన మావయ్యకి మేనకోడలు అంత హోటల్ పెడుతుందంటే సంతోషం ఉండదా? మా అమ్మ ఉంటే వీధంతా చెప్పుకునేది.

ఆ తర్వాత నీకు ఫోన్ చేశాను కదా, అప్పుడు నువ్వొక మాటన్నావు. "ఆర్డరు రాసుకోడానికి మా కుర్రాళ్ళు చేతిలో పుస్తకం పట్టుకోరు మావయ్యా, అంతా జ్ఞాపకమే, అదే మా స్టయిల్" అని. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఫుడ్ లైసెన్సు, అగ్నిమాపక శాఖ అనుమతి, జీఎస్టీ మీ ఆయన చూసుకుంటాడు. సర్వీసు చార్జీ అని బిల్లులో మనమే కలిపెయ్యడం వద్దు. అలా కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది. మెచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చేతిలో పెడతారు. గ్లాసులకి వేడినీళ్ళ ఆవిరి పట్టించి పొడిబట్టతో తుడిపించు, దీపం ముందు పెట్టి చూడు. నాప్కిన్లు గంజి పెట్టిన నూలువే కొను, పాలిస్టరు గుడ్డ మూతి తుడవదు, జారుతుంది. అంచుకి మన నరసాపురం లేసు కుట్టిస్తానన్నావు, బావుంటుంది. కానీ లేసు ఒక మూలకే ఉండాలి, పెదవికి గీసుకోకూడదు. అరిటాకులో వడ్డిస్తే కొస తినేవాళ్ళ ఎడం పక్కకి రావాలని ఆ కుర్రాళ్ళకి మొదటిరోజే నేర్పు. ఇది తెలియని కుర్రాడు ఆకు తిప్పేశాడంటే, మన వాళ్ళు పైకి ఏమీ అనరు గానీ మళ్ళీ రారు.

కోర్సుకో కథ చెప్పిస్తానన్నావు. రెండు ముక్కల్లో ముగించెయ్యమను. పనసపొట్టు కూర చల్లారిపోతుంటే పనసచెట్టు పురాణం ఎవరిక్కావాలి? మన వాళ్ళకి అసలు ఆదుర్దా ఎక్కడో నాకు తెలుసు. మూడో ప్లేటు దాటేసరికి "అన్నం ఎప్పుడొస్తుందండీ" అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. నువ్వు ఏడో కోర్సు దాకా అన్నం దాచావు. నా మాట విని నాలుగో దానికి తీసుకురా, పొగలు కక్కుతూ, నెయ్యి వాళ్ళ కళ్ళముందే వెయ్యి. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య పది పన్నెండు నిమిషాలు మించనివ్వకు. ఆకలిగా ఉన్న మనిషికి పావుగంట చాలా పొడుగు.

ఇంకోటి. నీ మెనూ కాగితం ఫొటో పంపావు కదా, అందులో పులస అచ్చువేశావు. గోదారి ఇప్పుడే ఎర్రబడింది. సముద్రంలో ఇలసగా ఉన్నది ఈ వరదనీటికి ఎదురీది పైకొచ్చాకే పులస అవుతుంది. నువ్వు తలుపులు తెరిచే దసరాకి దాని రోజులు అయిపోవస్తాయి. డిసెంబరులో ఎవరైనా అడిగితే ఏం చేస్తావు? ఎక్కడిదో ఇలస తెప్పించి పులసని చెబుతావా? పుస్తెలమ్మి తినాలన్న చేప గురించి మన ఊళ్ళో అబద్ధం చెబితే ఒక్క ముద్దలో పట్టేస్తారు. వరద రోజుల్లో మాత్రమే పెట్టు, అప్పుడు కూడా ముళ్ళు తియ్యడానికి ప్రయత్నించకు. ఆ చేప నిండా వెంట్రుకల్లాంటి ముళ్ళే. ఫోర్కు పక్కన పెట్టించి, చేత్తో తినమని చెప్పి, వేలు కడుక్కునే గిన్నె నిమ్మచెక్కతో పక్కనుంచు. మట్టిదాకలో ముందురోజు వండిన పులుసు ఏ పింగాణీ ప్లేటులోకీ మార్చకుండా దాకతోనే తీసుకురా.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1991. నేను కెప్టెన్ని, అంటే వడ్డించే కుర్రాళ్ళ పైవాణ్ణి. నల్లకోటు, బో టై. ఆ పెద్ద హోటల్లో నాకొక పేరుండేది. పదిమంది కూచున్న టేబుల్‌కైనా ప్యాడ్ తియ్యకుండా ఆర్డరు తీసుకునేవాణ్ణి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఒక్కొక్కళ్ళ మొహం చూస్తూ విని, చివర్లో మొత్తం అప్పజెప్పేవాణ్ణి. అతిథులు చప్పట్లు కొట్టేవారు. మిగతా కెప్టెన్లు కార్బన్ పేపరు పెట్టుకుని మూడు కాపీలు రాసుకుంటుంటే నాకు చులకనగా ఉండేది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ముందు నోటితో చెప్పేవాణ్ణి, కాగితం తర్వాత నింపేవాణ్ణి.

ఆరో నంబరు టేబుల్. తాతగారి డెబ్భయ్యో పుట్టినరోజుకి వచ్చారు, ఏడుగురు. వాళ్ళలో తొమ్మిదేళ్ళ పిల్లాడు, చారల చొక్కా, కుర్చీ మీద కాళ్ళూపుకుంటున్నాడు. నేను తాతగారి సూప్ గురించి వివరిస్తుంటే, ఆ పిల్లాడి తల్లి నా కోటు చెయ్యి మెల్లగా పట్టుకుని అంది, "బాబుకి రొయ్య పడదండి." ఒక్కసారే అంది. నేను నవ్వి "అలాగేనమ్మా" అన్నాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. మాట మాత్రం తాతగారి సూప్ దగ్గరికి తిరిగేసరికి జారిపోయింది.

చివర్లో పధ్నాలుగు ఐటాలు పొల్లుపోకుండా అప్పజెప్పాను. చప్పట్లు కొట్టారు. అవన్నీ వంటల పేర్లు. ఆవిడ చెప్పింది వంట పేరు కాదు కాబట్టి నా జాబితాలో లేదు.

పిల్లాడికి రొయ్యలేమీ తెప్పించలేదు, వాడికి తెచ్చింది బంగాళాదుంప వేపుడు. కానీ ఆ సాయంత్రం ఏ మూకుట్లో రొయ్యలు వేయించారో అదే నూనెలో ఆ దుంపలూ వేశారు. నేను ఒక్కముక్క చెప్పుంటే చెఫ్ వేరే మూకుడు పెట్టించేవాడు. రెండు నిమిషాల పని.

నాలుగు ముక్కలు తిన్నాడేమో. ముందు పెదవి గోక్కున్నాడు. నేను చూశాను, కారం అనుకుని మంచినీళ్ళు పోశాను. తర్వాత మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి, కళ్ళు ఉబ్బాయి, గొంతులోంచి పిల్లికూతలు. వాళ్ళమ్మ వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని నావైపు చూసింది. పక్క టేబుల్లో ఒక డాక్టరుగారు ఉండబట్టి సరిపోయింది. హోటల్ కార్లో ఆస్పత్రికి పరుగెత్తాం. ఇంజక్షను ఇచ్చారు. అర్ధరాత్రికి పిల్లాడు తేరుకుని ఐస్‌క్రీం అడిగాడుట.

నేను అదే నల్లకోటుతో బయట బల్ల మీద కూచున్నాను. ఆవిడ బయటికొచ్చింది. తిడుతుందని లేచి నిలబడ్డాను. తిట్టలేదు. "చెప్పానుగా అండీ" అంది, అంతే. నేను తల ఎత్తలేకపోయాను. మర్నాడు మా మేనేజరు అడిగింది కూడా ఒక్కటే, "రాసుకున్నావా?" "గుర్తుంటుంది అనుకున్నాను సార్" అన్నాను. ఆయన తన బల్ల సొరుగులోంచి ఒక ప్యాడ్ తీసి నా చేతిలో పెట్టి పంపించేశాడు. ఉద్యోగం పోలేదు. ఆ తర్వాత 2012లో రిటైరయ్యేదాకా ప్యాడ్ లేకుండా ఏ టేబుల్ దగ్గరా నిలబడలేదు.

నీ జ్ఞాపకం గొప్పది కాదని కాదమ్మా. చిన్నప్పుడు ఎక్కాలు తలకిందులుగా చెప్పినదానివి. కానీ నువ్వు పెడుతున్నది ఎక్కడో ఆలోచించు. భీమవరంలో! చుట్టూ చెరువులే. రొయ్య లేని కూర మనకుందా? గోంగూరలో ఎండురొయ్యలు, సొరకాయలో ఎండురొయ్యలు. నీ మూడో కోర్సు చారు రొయ్యతలల నీళ్ళతో కాస్తావని నువ్వే చెప్పావు, పైకి చూస్తే అది ఉత్త చారు. తినేవాడికి ఎలా తెలుస్తుంది? పనసపొట్టులో ఆవ, గ్రేవీలో జీడిపప్పు, పొడుల్లో నువ్వులు, వేరుశనగ. ఇవి కూడా కొందరికి పడవు. రొయ్య పడనివాడు సంక్రాంతికి అమెరికా నుంచి వస్తాడు, బంధువులు బలవంతం చేస్తారు, వాడు మొహమాటపడి ఒక్కసారే మెల్లగా చెబుతాడు. మళ్ళీ చెప్పడు.

అందుకని ఇలా చెయ్యి. టేబుల్ రాయించుకునే ఫోన్లోనే అడుగు, "ఏమన్నా పడనివి ఉన్నాయాండీ" అని. కూచున్నాక మళ్ళీ అడుగు. ఎర్ర సిరాతో రాయి, ఏ కుర్చీ అన్నది కూడా రాయి. వాళ్ళకే చదివి వినిపించు. చెఫ్‌కి కాగితం ఇచ్చి ఊరుకోకు, నోటితో చెప్పు, అతను తిరిగి నోటితో అనేదాకా అక్కణ్ణించి కదలకు. మూకుడు వేరు, గరిటె వేరు, కత్తిపీట వేరు. ఆ ప్లేటు వేరే ప్లేట్లతో కలిపి తేకూడదు, ఒక్కటే చేతిలో పట్టుకుని రావాలి. ఎప్పుడైనా పెదవి వాచినా, గొంతు బిగిసినా మజ్జిగ తాగించి చూద్దాం అని కూచోకు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

కోప్పడుతున్నాననుకోకు. మీ అమ్మని చూశావు కదా. మన ఇంట్లో శుభకార్యానికి అరవైమంది వచ్చినా, పెద్దత్తకి ఆవ పడదని ముందే అరటికాయ కూర కొంచెం విడిగా గిన్నెలో తీసి మూతపెట్టేది. ఆవిడ అడక్కుండానే ఆకులోకి వచ్చేది. మీ అమ్మకి పుస్తకం అక్కర్లేదు. వాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా తన చేతి అన్నం తిన్నవాళ్ళు. నీ దగ్గరికి వచ్చేవాళ్ళని నువ్వు ఆ రాత్రే చూస్తావు, మళ్ళీ చూస్తావో లేదో. మీ అమ్మలా వడ్డించాలని నీకుంది, నాకు తెలుసు. ఆ మూతపెట్టిన గిన్నె నీకు ఆ కాగితమ్ముక్కే తల్లీ.

ఈ ఉత్తరంతోపాటు రెండు డజన్ల ప్యాడ్లు, ఎర్ర పెన్నులు ఓ పెట్టె కట్టి పంపుతున్నాను. అట్టపెట్టెలో అడుగున పాతది ఒకటుంది, మా మేనేజరు ఇచ్చినది. అది వాడకు, క్యాష్ కౌంటరు సొరుగులో ఉంచు.

వచ్చే ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను. వడ్డించే కుర్రాళ్ళందర్నీ ఉంచు, నేనెవరో చెప్పకు. ఆరుగురు కూచునే టేబుల్లో నన్ను మధ్యలో కూచోబెట్టు, మిగతావాళ్ళని గట్టిగా మాట్లాడమను. నాకు ఏది పడదో ఒక్కసారే, మెల్లగా చెబుతాను. ఎవడు రాసుకుంటాడో చూస్తాను.

ఇట్లు,
నీ మావయ్య