అప్పుడే విడదీయకు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మగ గినీ పిగ్‌లు మొన్నటిదాకా ఒకడి మీద ఒకడు తల పెట్టుకుని పడుకునేవాళ్లనీ, ఇప్పుడు పొద్దస్తమానం తరుముకుంటున్నారనీ రాశావు. చెరో కేజ్‌లో పెట్టేయనా అని అడిగావు. అప్పుడే వద్దు నాన్నా. ఒక గంట వాళ్ల పక్కన కూర్చుని, ఏమీ కల్పించుకోకుండా చూడు.

వాళ్లకు ఐదో నెల అన్నావు. గొడవలు ముదిరే వయసే అది. మూడు నాలుగు నెలలకు మొదలయ్యే ఈ హార్మోన్ల పొంగు ఏడాది దాటాక గానీ నెమ్మదించదు. ఐదారు నెలలప్పుడు మరీ ఎక్కువ. ఇద్దరిలో ఎవరు పెద్ద అన్నది తేలాలి, అది తేల్చుకోవాల్సింది వాళ్లే. రోజూ మనం మధ్యలో దూరి విడదీసి మళ్లీ కలుపుతూ ఉంటే ఆ లెక్క ఎప్పటికీ తేలదు, ప్రతిసారీ మొదటికే వస్తుంది.

ఆ గంటలో నీకు ఏం కనిపిస్తుందో చెబుతాను. ఒకడు గొంతులో గుర్రుమని సన్నటి మోటారులా మోగిస్తూ, వెనక భాగం అటూ ఇటూ ఊపుతూ, అడుగు తీసి అడుగు వేస్తూ రెండోవాడి చుట్టూ తిరుగుతాడు. వాసన చూస్తాడు, పైకి ఎక్కుతాడు, కాసేపు తరుముతాడు. పిరుదులు నేలకు రాసి తన వాసన అంటిస్తాడు. ఒక్కోసారి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ముక్కులు పైకెత్తుతారు. ఎవరి తల ముందు దిగితే వాడు తగ్గినట్టు. తగ్గినవాడు కీచుమని అరుస్తాడు. ఆ అరుపు వింటే నీకు గుండె జారిపోతుంది, కానీ చాలాసార్లు దెబ్బ తగిలి కాదు, ‘సరే, నువ్వే గొప్ప, వదిలెయ్’ అనడానికే అలా అరుస్తాడు. ఆ తర్వాత ఇద్దరూ వెళ్లి ఎండుగడ్డి నములుతుంటే టెన్షన్ పడాల్సిన పనేం లేదు.

జాగ్రత్తపడాల్సింది పళ్లు టకటకలాడించడం మొదలైనప్పుడు. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, నోరు ఆవులింతలా తెరిచి పళ్లు చూపిస్తూ, ఒకడి మీదికి ఒకడు దూకబోతుంటే లేచి దగ్గరికి వెళ్లు. ఇద్దరి మధ్య ఒక అట్టముక్క అడ్డం పెట్టు, లేదా గుప్పెడు గడ్డి వేసి ధ్యాస మళ్లించు. ఇద్దరూ ముద్దలా చుట్టుకుని దొర్లుతున్నారంటే మాత్రం అది నిజమైన పోట్లాట. అప్పుడు ఒట్టి చేతులు అస్సలు పెట్టకు. ఆ కోపంలో నీ వేలు ఎవరిదో వాళ్లకు తెలియదు, ఆ పళ్లు లోతుగా దిగుతాయి. మందపాటి తువ్వాలు వాళ్ల మీద వేసి, ఒకణ్ణి అందులోనే చుట్టి పక్కకు తియ్యి. తర్వాత వెంట్రుకలు పాయలు తీసి ఒళ్లంతా వెతుకు, ముఖ్యంగా పెదవులు, చెవులు, నడుము. గాటు పైకి చిన్నగానే ఉన్నా లోపల చీము పడుతుంది కాబట్టి డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక కేజ్ సంగతి. నీ ఉత్తరంలో నాకు బాగా కలవరం కలిగించింది అదే. ఒకే గూడు, ఒకే గిన్నె, ఒకే నీళ్ల సీసా అన్నావు. ఉన్నది ఒక్కటే అయితే కొట్టుకోక ఏం చేస్తారు? అన్నీ రెండేసి పెట్టు, అవి కూడా పక్కపక్కన కాకుండా దూరదూరంగా. లేకపోతే పెద్దవాడు రెండింటికీ ఒక్కడే కాపలా కాస్తాడు. దాక్కునే ప్రతి గూటికీ రెండు వాకిళ్లుండాలి. ఒక్క వాకిలే ఉంటే లోపలున్నవాడికి తప్పించుకునే దారి ఉండదు, చాలా పోట్లాటలు అక్కడే ముదురుతాయి. నేల కనీసం 10 చదరపు అడుగులు ఉండాలి, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. పైన అంతస్తు కట్టాను కదా అని దాన్ని ఇందులో కలపకు, పరుగెత్తడానికి కావాల్సింది నేలే. శుభ్రం చేసేటప్పుడు మొత్తం ఒకేసారి మార్చెయ్యకుండా కింద పరిచిన పాత బెడ్డింగ్ కొంచెం ఉంచు. వాళ్ల వాసన పూర్తిగా పోతే హద్దుల తగువు మళ్లీ మొదలవుతుంది. ఆడ గినీ పిగ్‌లను ఆ గదిలోకే రానివ్వకు. మూడో మగవాణ్ణి తెస్తే సర్దుకుంటారేమో అన్నావు, ఆ ఆలోచన మానుకో. ఇద్దరిని సర్దడం కంటే ముగ్గురిని సర్దడం చాలా కష్టం.

ఆపరేషన్ చేయిస్తే మెత్తబడతారని ఎవరో చెప్పారన్నావు. పిల్లలు పుట్టకుండా చేయడానికి ఆ ఆపరేషన్ పనికొస్తుంది గానీ, మగవాళ్ల మధ్య పెత్తనం దానితో పెద్దగా తగ్గదు. అందుకోసం వాళ్లకు మత్తు ఇప్పించకు.

అందరూ తరిమేవాణ్ణే చూస్తారు. నువ్వు తగ్గినవాణ్ణి చూడు. వాడికి తిండి దొరుకుతోందా, మూలకు నక్కి బయటికి రావడమే మానేశాడా? వంటింటి త్రాసు మీద ఇద్దరినీ వారానికోసారి తూచి రాసిపెట్టు, గొడవలు ఎక్కువగా ఉన్న రోజుల్లో రోజూ తూచు. పది ఇరవై గ్రాములు అటూ ఇటూ కావడం మామూలే. 50 గ్రాములకు మించి తగ్గితే మాత్రం ఏదో ఉందని అర్థం. తిండి పూర్తిగా మానేస్తే మర్నాటిదాకా ఆగకూడదు, వాళ్ల పేగులు తొందరగా ఆగిపోతాయి. శాంతంగా ఉండేవాడు ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టినా డాక్టరుకు చూపించు. ఒంట్లో నొప్పి ఉన్నా, చర్మంలో పురుగు పట్టినా అలాగే చేస్తారు.

ఇవన్నీ చేశాక కూడా మళ్లీ మళ్లీ రక్తం వస్తే అప్పుడు విడదీయి, మనసు కష్టపెట్టుకోకు. కొన్ని జంటలు కుదరవు. అలాగని వేరే గదిలో పెట్టకు. మధ్యలో జాలీ అడ్డం పెట్టి పక్కపక్కనే ఉంచితే ఒకరి వాసన ఒకరికి, ఒకరి మాట ఒకరికి అందుతుంది, ఒంటరితనం ఉండదు. ఆ జాలీ సందుల్లోంచి మూతి దూరకుండా చూసుకో.

ముందు రెండో గిన్నె, రెండో సీసా పెట్టి కేజ్ ఫోటో ఒకటి పంపు. గూళ్ల వాకిళ్లు ఎటు తిరిగి ఉండాలో చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ